బొడిపె

కృత్రిమ కాళ్లు తయారుచేసే గదిలో లెక్కల మాస్టారు మూడోసారి కొత్త కాలు విప్పి బల్ల మీద పెట్టారు. మోకాలి కింద పట్టే తొడుగు లోపల రక్తపు చార చూడగానే, కంప్యూటర్ ముందున్న ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

"మళ్లీ అక్కడే ఒరుసుకుందా మాస్టారూ?"

"అక్కడే. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. సోమవారం బడి తెరుస్తారు. కుర్చీలో కూలబడి లెక్కలు చెప్పమంటావా?"

"నన్నేం చెయ్యమంటారు? మీ కాలిని స్కాన్ చేస్తే తెర మీద దాని బొమ్మ నలభై లక్షల బుల్లి బుల్లి త్రికోణాలుగా వస్తుంది. కంప్యూటర్ మొరాయిస్తుంది. వాటిని తగ్గించి, నున్నగా చేసి మరీ తొడుగు అచ్చుకి పంపుతున్నా. వెంట్రుకవాసి తేడా లేదు!"

"నున్నగా అంటే?"

"స్కానర్ వణికితే లేనిపోని బొడిపెలు పడతాయండీ. ఇదిగో, ఇలాంటివి. మాయదారి బొడిపె, ప్రతిసారీ ఇక్కడే పడుతుంది! ప్రతిసారీ చెరిపేస్తూనే ఉన్నా."

మాస్టారు తెరకేసి వంగి చూశారు.

"మూడుసార్లూ ఒకే చోట వణికిందా?"

ఆమె చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

"అమ్మాయ్, నాకు మూడు కాళ్లు చేశావు. ఉన్న ఈ మొండికాలిని ఒక్కసారైనా ముట్టుకున్నావా?"

"లేదు మాస్టారూ."

"చెయ్యి ఇలా ఇవ్వు."

ఆమె వేలు పట్టుకుని మోకాలి కింద ఆనించారు. పలచటి చర్మం కింద శనగగింజంత గట్టిగా తగిలింది.

"మెల్లిగా తల్లీ. అది నా ఎముక."