ఈరన్న చెయ్యి, రజియమ్మ నంబరు

"అవ్వా, పైన ఆ బొమ్మలో ఉండే డాక్టరమ్మ ఎవరు? పక్కన ఆ సున్నం మరకేంది?"

అదా? చెప్తా. ముందు ఆ బీపీ గుడ్డ ఇప్పు తల్లీ, చెయ్యి బిగుసుకపోతాండాది. నేను రాట్నం మీద నూలు కండెలు సుట్టుకుంటానే మాట్లాడతా, నువ్వేమనుకోవద్దు. చెయ్యి ఊరికే ఉంటే నాకు మాట రాదు.

ఏంది, మాత్రలు రాస్తాండావా? అబ్బో, ఎంత పెద్ద పెద్ద అచ్చరాలు. మీ డాక్టర్లకి పైన ఒక కౌన్సిలు ఉండాదంట గదా, వాళ్ళు ఇట్లే రాయమన్నారా? నవ్వద్దు, మీ కౌన్సిలు సంగతి నాకు శానా తెలుసు. కింద నీ నంబరు ఏసినావా? ఏయి ఏయి, అది మర్సిపోవద్దు. మా చిన్నప్పుడు యాడిది నంబరు? కాంపౌండరు ఎర్రనీళ్ళు పోసిచ్చేటోడు. సీసా మనమే ఎత్తుకపోవాల. సీసాకి ఒక కాగితం ముక్క మెట్లు మెట్లుగా కత్తిరించి అతికించేటోడు, పూటకి ఒక మెట్టు తాగాల. అర్ధ రూపాయి తీసుకునేటోడు. మా నాయన ఆ నీళ్ళు తియ్యగుండాయని రొండు మెట్లు ఒకేసారి తాగి... నేను యాడికో పోతాండా. ఏమడిగితివి? ఆ, బొమ్మ.

ఆయమ్మ పేరు రజియా. మేము రజియమ్మ అంటాము. సర్కారు కొలువు దిగినాక పాత బస్టాండు కాడ చిన్న ఆస్పత్రి పెట్టుకున్నాది. మా ఇంటాయన ఈరన్న, అదో, మగ్గం గుంతలో కూచోని ఇననట్ల ఇంటాండాడే, ఆయప్పకి ఒకసారి కుడి చేతికి మగ్గం కట్టె పేడు గుచ్చుకున్నాది. షుగరు మనిషి. నాకు చెప్పలే. చెప్తే తిడతానంట. చెయ్యి వాచి వాచి బన్ను మాదిరి అయినాక సూపిచ్చినాడు. ఒక పెద్దాస్పత్రికి పోతే మణికట్టు కాడికి తీసేయాల అన్నారు. నేసే మనిషికి చెయ్యి తీసేస్తే ఇంగేముంటాది తల్లీ? ఈయప్ప బస్సులో వచ్చేటప్పుడు ఆ చెయ్యి తువాలు కింద దాసిపెట్టుకున్నాడు. నాకు బుగులు పట్టుకున్నాది.

రజియమ్మ కాడికి ఎత్తుకపోతిమి. ఆయమ్మ సూసి, "తీయాల్సి వస్తాదో ఏమో, నేను చెప్పలేను. పొద్దు పొద్దు సూద్దాం" అన్నాది. అంతే. రోజూ తానే కడిగేది, తానే కట్టు కట్టేది. ఈయప్పని ఒక మాట అనేది కాదు, అన్నం ఎక్కువ పెట్టినానని నన్ను తిట్టేది. నేనేం పెడతా, ఆయనే దొంగతనంగా తినేటోడు. గమ్మునుండయ్యా నువ్వు, అబద్ధం చెప్తాండానా? సరే, చెయ్యి నిలబడె. మళ్ళీ మగ్గం ఎక్కినాడు. తొలి చీర ఆయమ్మకి ఎత్తుకపోతే తీసుకోలే. పేషంట్ల కాడ ఏమీ తీసుకోనన్నాది. ఈయప్పకి అది గుచ్చుకున్నాది. "నా చేత్తో నేసింది కూడా వద్దంటాదా" అని రొండు పొద్దులు మొగం ముడుసుకున్నాడు.

అప్పుడు లేసినాది ఈ తిక్క. ఫ్లెక్సీ ఏపిస్తా అన్నాడు. మన తట్టు నీకు తెల్సు గదా, పుట్టినరోజుకి ఫ్లెక్సీ, గెలిస్తే ఫ్లెక్సీ, ఓడినా ఫ్లెక్సీ. వీధోళ్ళంతా కలిసిరి. నడుమ రజియమ్మ, పక్కన దండం పెడతా మా ఆయన నల్లద్దాలు పెట్టుకోని. అద్దాలు యాటికి అంటే ఫొటోకి కళ ఉంటాదంట. కింద వరసగా వీధి మొగోళ్ళ మొగాలు. ఆ చేతికి ఒక పొద్దు కూడా కట్టు కట్టనోళ్ళు, ఒక్కొక్కని మొగం చాట అంత. ఆ ఫ్లెక్సీ కొట్టే పిల్లోడు ఖాళీ జాగా మిగిలిందని వాని సొంత తెలివితో "షుగరు పుండ్లకు గ్యారంటీ వైద్యం" అని రాసి ఆయమ్మ ఫోను నంబరు ఏసినాడు. తీస్కపోయి బస్సులు తిరిగే మూల మీద కట్టిరి.

ఎవురో దాన్ని ఫొటో తీసి కౌన్సిలుకి పంపినారు. ఈ డాక్టరు పబ్లిసిటీ చేసుకుంటాండాది, మీ రూల్లో ఉండాదా అని. కౌన్సిలోళ్ళు రజియమ్మకి నోటీసు పంపిరి. మిట్టమధ్యాన్నం ఆటోలో వచ్చి ఈడ్నే, నువ్వు కూచున్న కాడనే కూచున్నాది. "ఈరన్నా, అది తీపిచ్చు" అన్నాది.

ఈయప్పకి కోపం సూడాల. "తీయను. చీర ఇస్తే వద్దంటివి, బొమ్మ పెడితే తీయమంటివి. నేసేటోని పక్కన నీ మొగం ఉంటే నీకు నామోషీనా?" అన్నాడు. అంత మాట అన్నాడు తల్లీ. నాకు తల కొట్టేసినట్లాయె. ఆయమ్మ కోపం చేసుకోలే. మంచినీళ్ళు అడిగి తాగి, నిమ్మళంగా చెప్పినాది. "నామోషీ కాదు ఈరన్నా. డాక్టర్లు బోర్డులెక్కి గొప్పలు చెప్పుకోగూడదని రూలు. నాకొక రిజిస్ట్రేషన్ నంబరు ఉండాది. నీకు మగ్గం ఎట్లనో నాకు ఆ నంబరు అట్ల. దాన్ని పీకేసినారంటే, రేపు నీ చేతికి మళ్ళీ ఏమన్నా అయి నా ముందర పెట్టినా, నేను ముట్టుకునేకి ల్యాదు."

మా ఆయన తన చెయ్యి తాను సూసుకున్నాడు. మళ్ళ గుంతలోనించి లేసి, "నిచ్చెన యాడుండాది?" అన్నాడు.

అందరం ఆ మూల కాడికి పోతిమి. మా అల్లుడు నేనెక్కుతా మామా అంటే ఇనలే. తానే ఎక్కినాడు. నేను కింద నిచ్చెన పట్టుకోని తిడతాండా, పడితే కాలు కూడా ఆయమ్మనే బాగు చేయాల గదా. ఆ చేత్తోనే ఒక్కొక్క ముడి ఇప్పినాడు. రజియమ్మ అయితే ఫ్లెక్సీ తట్టు సూడనే లేదు, ఆయన చేతి ఏళ్ళనే సూస్తా ఉండాది. "బొటనేలు బాగా ఒంగుతాండాది ఈరన్నా" అని గట్టిగా అన్నాది. కండ్లల్లో నీళ్ళు. నాకూ వచ్చినాయి, ఎవురన్నా సూస్తారని కొంగుతో తుడుసుకున్నా.

తీసిన కాడ ఫొటో తీసి, ఇది మేమే చేసినాము, ఆయమ్మకి తెలీదు అని మా చేత కాగితం రాపిచ్చి పంపినాది. కౌన్సిలోళ్ళు ఇంగ ఇట్ల జరగనీయొద్దని చెప్పి ఇడిసిపెట్టిరి. ఆ మాట తెలిసినాక గాని ఈయప్ప కడుపునిండా అన్నం తినలే.

ఇంగ ఈ ఫ్లెక్సీ ఏం చేయాల? కాల్చేకి ఈయప్పకి మనసొప్పలే. "నలుగురికి కనపడకుండా యాడన్నా పెట్టుకో పో" అన్నాది ఆయమ్మ. ఆ వానకాలం కొట్టం కారి మగ్గం మీద పరిచిన పడుగు దారాల మీద నీళ్ళు పడతాంటే, ఇదో, రేకుల కింద ఇట్ల కట్టినాడు, బొమ్మ లోపలికి. మగ్గంలో కూచోని తలెత్తితే ఆయప్పకి రజియమ్మ కనపడతాది. నా రాట్నం మీదికి సరిగ్గా కింద వరసలో ఉండే మా మరిది మొగం వచ్చినాది, నా కర్మ.

ఆ సున్నమా? ఒకసారి మగ్గం సూడను వచ్చి ఆయమ్మ తలెత్తి సూసి, ఆ గ్యారంటీ మాట మీద సున్నం పూయి అన్నాది. లోపల ఎవురు సూస్తారమ్మా, కౌన్సిలోళ్ళు మా కొట్టంలోకి వస్తారా అంటిమి. "మంత్రాలయం దావలో ఒకాయప్ప ఆ మాట నమ్మి షుగరు సూదులు మానుకోని నా కాడికి వచ్చినాడు. కాలు నల్లగయినాది. అప్పటికప్పుడు కర్నూలికి పంపితే ప్రాణం దక్కె. రూలు ఉన్నా లేకపోయినా అది అబద్ధం ఈరన్నా" అన్నాది. మా ఆయన స్టూలెక్కి ఆ చేత్తోనే పూసినాడు.

పోతాండావా? మజ్జిగన్నా తాగిపో, మజ్జిగకి నోటీసు రాదులే. నువ్వు ఈ ఊరికి కొత్తగా వచ్చినావు, ఒంటిమీద చెయ్యేసి మాట్లాడతాండావు. వీధోళ్ళు నీకూ ఫ్లెక్సీ కడతామని వస్తారు సూడు. నా కాడికి పంపు, నేను చెప్తా వాళ్ళకి. రా, వంగు, తల మీద చెయ్యి పెడతా. అందరూ కడుపు సల్లగుండాల అంటారు. అదీ ఉండాల. నీ నంబరు సల్లగుండాల తల్లీ.