ప్రతి పేజీ కింద పేరు

సకల జనుల సమ్మె రోజులు. జనగామ రోడ్డు మీద వంటావార్పు నిరసనకు వెళ్ళొచ్చిన తమ్ముడికి, ఇంట్లో అక్క కంప్యూటర్ ముందు కనిపించింది.

"మనిద్దరం కలిసి చేసిన ప్రోగ్రామింగ్ భాషకు వెబ్ పేజీలు తయారైనయా, అక్కా?"

"అయినయ్. కోడ్ నడుమ నేను రాసిన వివరణలన్నీ ఏరి, మిషనే నూటనలభై పేజీలు చేసింది. ప్రతి పేజీ కింద రాసింది నువ్వేనని ఉంది."

"గా పేరు మిషనే ఏసుకుంటది."

"నువ్వు ఏ పేరు చెప్తే గదే ఏస్తది. పొద్దంతా రోడ్డు మీద ఏమని మొత్తుకున్నవు?"

"మా వాటా మాకని."

"పాపం, గొంతు కూడ పోయింది."

"జర ఊకో అక్కా. గా వివరణలు నేను సదవనే లేదు. రేపు సమ్మె అయిపోయినంక కాలేజీల సార్లు ప్రశ్నలడుగుతరు, నువ్వు పక్కన కూసో."

"నేనెందుకు? పేజీ కింద పేరున్నోళ్ళనే అడగమను."