సారుగారి పెద్దలు

గల్ఫులో, రిఫా ఊళ్ళోని కెనడా సారు విల్లా నుంచి విమానాశ్రయానికి పోయే దారి. స్టీరింగు దగ్గర ఆ ఇంటి డ్రైవరు బుల్లిరాజు. పక్క సీట్లో, ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో వంటా పనీ చూసుకున్న వీరవేణి, ఒళ్ళో సంచీతో. ఇద్దరిదీ గోదావరి పక్కే. ఊళ్ళ మధ్య ఒక్క రేవు తేడా.

"అది కాదు, నేనడిగింది అది కాదు. ఫోను చేస్తావా, చెయ్యవా?"

"సిగ్నల్ పడింది పిన్నిగారండి, ఒక్క నిమిషం."

"పచ్చ లైటే కదా అది."

"ఆయ్, ఇప్పుడే పచ్చయ్యింది."

"బుల్లిరాజూ, ఆ వంతెన దాటితే ఎయిర్‌పోర్టు వచ్చేసినట్టే. ఇమానం ఎక్కేక నా మాట ఎవరికి వినపడుద్ది? సారుకి ఒక్క ఫోను చెయ్యి. 'ఆ బొమ్మల కార్డుల్లో ఉన్నోళ్ళు మీ పెద్దలని వీరవేణికి చెప్పింది నేనే' అని ఒక్క ముక్క చెప్పు. కొలువు తిరిగిమ్మని అడగటం లేదు. వీసా క్యాన్సిలు కాయితం మీద వేలిముద్ర వేసేసేను, ఖలాస్. చేతబడి చేసేదాన్ననిపించుకుని మాత్రం ఎళ్ళలేను."

"చేతబడని ఎవరన్నారండి?"

"మేడంగారన్నారు. మేజిక్ అన్నారు. నాకు ఇంగ్లీషు రాదు గానీ మేజిక్ అంటే తెల్దా? ఆ రోజు నువ్వేగా మధ్యలో నించుని నా మాట వాళ్ళకి చెప్పింది. నేను అంత పొడుగు చెప్పుకుంటే నువ్వు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నావు. ఏం చెప్పేవు?"

"మీరు చెప్పిందే చెప్పేను."

"నేను చెప్పింది చెప్తే నీ పేరు రావాలి కదా. బుల్లిరాజు అన్న మాట నా చెవిన పళ్ళేదు."

"ఇంగ్లీషులో పేర్లు అంతగా రావండి."

"ఓహో."

"అసలు నేనన్నది నవ్వులాటకండి. మీరు కొత్తగా వచ్చినప్పుడు, ఈ అద్దాల బీరువాలో మొహాలెవరివిరా అని అడిగితే, సారు వాళ్ళ పెద్దలు, అందరూ పోయేరు అన్నాను. మీరు నిజం అనుకుంటారని నాకేం తెలుసు?"

"అనుకోనా మరి? పొద్దున్నే కాఫీ పట్టుకుని ఆయన వాళ్ళ ముందు నించుని ఒక్కొక్కర్నీ చూసుకునేవారు. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకాయనకి బుగ్గ మీద కుట్లు, ఒకాయనకి ముందు పళ్ళు లేవు, ఇంకొకాయనకి కన్ను వాచిపోయుంది. పాపం, ఈ ఇంటి మగాళ్ళంతా ఏ యుద్ధంలో పోయేరో అనుకున్నాను. అడిగితే నువ్వు అవునన్నావు."

"అవునన్నానా?"

"ఆ పళ్ళు లేనాయన్ని సారుకి మేనమామన్నావు."

"ఏదో... నోటికొచ్చిందండి."

"మొన్న పక్క విల్లాలో అంజవ్వ చెప్తే గాని నాకు తెలీలేదు. వాళ్ళు హాకీలో గోలు కాసేవాళ్ళంట. మంచు మీద ఆడతారంట. ఆ రోజుల్లో మొహానికి ముసుగు కూడా లేకుండా బంతికి ఎదురు నించునేవారంట—"

"బంతి కాదండి, బిళ్ళ. నల్లగా, గుండ్రంగా ఉంటది."

"చూసేవా, బిళ్ళని కూడా తెలుసు నీకు! ఆ బిళ్ళ తగిలిన కుట్లే అవన్నీ. ఒక్కో కార్డు మీదా వాళ్ళ చేత్తో వాళ్ళు సంతకం పెట్టేరంట. సారు చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని మంచులో నించుని పెట్టించుకున్నారంట. ఇప్పుడా సంతకం పెట్టినోళ్ళూ లేరు, ఆ నాన్నా లేడు. ఇది తెలిస్తే నేను బొట్టు పెడతానా వాళ్ళకి?"

"పెట్టరు."

"పెద్దల అమావాస్య నాడు పొద్దున్నే వంటింట్లోకొచ్చి ఏమన్నావు?"

"ఏమన్నానండి?"

"'పిన్నిగారూ, సారు వాళ్ళ పెద్దల్ని బయటికి తీయించి బల్ల మీద పెట్టించేరు. ఇయ్యాళ అమావాస్య. పాపం వాళ్ళకి మాత్రం పెట్టేవాళ్ళెవరున్నారు' అన్నావు. నా గుండె నీరైపోయింది. ఆ ప్లాస్టిక్కు కవర్లు ఊడదీసి బల్ల మీద పేర్చింది నువ్వే."

"కొత్త కవర్లొచ్చేయి, పాతవి తియ్యమన్నారు సారు. అది నా డ్యూటీ."

"జిదాఫ్స్ బజారు నించి మినపప్పు తెచ్చిందీ డ్యూటీయేనా?"

"మీరు తెమ్మన్నారు, తెచ్చేను."

"పసుపూ కుంకం తడిపి అందరికీ నుదుట బొట్టు పెట్టేను. గారెలొండి ముందు పెట్టేను. కెనడా వాళ్ళు కదా, కారం తట్టుకోలేరని పచ్చిమిరపకాయ కూడా వెయ్యలేదు."

"గారెలు బాగున్నాయి పిన్నిగారండి."

"తిన్నావు కదా. అప్పుడైనా చెప్పకపోయేవా? తడి కుంకం కారి సంతకాల మీదకొచ్చేసింది. తుడుద్దామని గుడ్డ పెడితే కుంకం పోలేదు, సిరా పోయింది. సారు వచ్చి చూసేరు. తిట్టినా బాగుండేది. కుర్చీలో కూలబడి, ఆ పళ్ళు లేనాయన కార్డు ఒళ్ళో పెట్టుకుని, సంతకం ఉన్న చోట వేలితో అలా నిమురుతా ఉండిపోయేరు. ఆ రోజు నించి నా మొహం చూళ్ళేదు. ఇందాక గేటు దగ్గర దణ్ణం పెడితే అటు తిరిగిపోయేరు."

"చూసేనండి."

"చూసి?"

"నిజం తెలిస్తే నన్నూ పంపేస్తారు పిన్నిగారండి. పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి. మీకంటే మోకాళ్ళ నొప్పులు, ఇయ్యాళ కాకపోతే రేపైనా ఎళ్ళేవారే."

"అందుకని నా పేరు పోయినా పర్లేదు."

"అలా అనకండి. నాకు జొరమొస్తే మూడు పూటలా గంజి కాచి గదికి పంపింది మీరు. మర్చిపోతానా?"

"ఆ మాట నేనెత్తలేదు. నువ్వే ఎత్తేవు."

"చేస్తానండి."

"ఎప్పుడు?"

"మిమ్మల్ని దింపేసి, కారు పక్కన పెట్టి చేస్తాను. ఒట్టు."

"ఎవరి మీద ఒట్టు?"

"సత్యదుర్గ మీద ఒట్టండి."

"పెళ్ళాం మీద ఒట్టేసేవంటే చేస్తావులే. నువ్వు చెడ్డోడివని నేననలేదు నాయనా, భయస్తుడివి, అంతే. ఫ్రిజ్జులో కింద అరలో మాగాయ పెట్టేను నీకు, తడి గరిటె ముంచకు. సారుకి పడుకోబోయే ముందు పాలు... అదుగో, నీ ఫోను మోగుతోంది."

"మోగనీండి, తర్వాత మాట్టాడతాను."

"తెర మీద దుర్గ ఫొటోయే. ఇంటి దగ్గర పిల్లలకేమయ్యిందో ఏంటో. ఎత్తు."

"వద్దండి, బండి నడుపుతున్నాను—"

"నీ చెయ్యెందుకు, నేను నొక్కుతాను."

కారు తెర మీది పచ్చ గుర్తుపై వీరవేణి వేలు పడింది. సత్యదుర్గ గొంతు కారంతా నిండింది.

"ఏమండీ, పిన్నిగారు ఇమానం ఎక్కేసేరా? నా మెడికల్ పాసయ్యిందంట, ఏజెంటు ఇప్పుడే చెప్పేడు. మీరు శ్రావణ మాసంలో అన్నట్టే జరిగిందండి. పెద్దల అమావాస్య దాటేక పిన్నిగారు ఉండరు, ఆ ఇంట్లో పని నీదే, పాస్‌పోర్టు చేయించుకో అంటే, ఈయనకి అంత ముందే ఎలా తెలుసబ్బా అనుకున్నాను. ఆవిడికి నా దణ్ణం చెప్పేరా?"

"దుర్గా, పెట్టెయ్. పెట్టెయ్ అంటున్నాను."

"పెట్టెయ్యకమ్మా. నేను వీరవేణి పిన్నిని. నీ దణ్ణం అందింది. రా తల్లీ, భయపడకు, సారు మంచాయన. ఒక్క మాట మాత్రం గుర్తెట్టుకో. ఆ ఇంట్లో నీకేదన్నా తెలీకపోతే సారుని అడుగు, మేడంగారిని అడుగు, ఎవరూ లేకపోతే గోడనడుగు. మీ ఆయన్ని మాత్రం అడక్కు."