లాభం, కెత్తొ, హారోమ్

కువైట్‌లోని సబ్హాన్ గోదాములో పొద్దుటి చాయ్ టైము. జగిత్యాల దేవన్న నోరు ఊరుకోదు, పడేది ఎప్పుడూ నర్సింగే.

“మళ్ల ‘లాభం’ అంటివేందిరా నర్సింగ్!”

“నోటికచ్చింది దేవన్నా. మా ఇంట్ల ఏం లెక్కవెట్టినా ఒకటి అనరు, లాభం అనే మొదలువెడుతరు.”

“అవు మరి! హంగరీ మేడమ్ సుత నీతోని వడ్లు కొలిపిచ్చుకునుడుకే ఫోన్ జేస్తుంది. సంచులు తెచ్చుకొమ్మను.”

“ఎక్కిరియ్యకు. పది నిమిషాల్ల వీడియో కాల్, వాళ్ల దేశంల కొలువుకు ఇంటర్వ్యూ. పెట్టెల బొమ్మలు చూపిచ్చి, వాళ్ల భాషల లెక్కవెట్టుమంటరట. ఎజ్, కెత్తొ, హారోమ్...”

“పదకొండు?”

“తిజెనెజ్. పది మీద ఒకటన్నట్టు.”

“ఇరవై ఒకటి?”

“హుసొనెజ్. ఇరవై మీద ఒకటి.”

“ముప్పై ఒకటి? దాని మీద సుత ఎక్కిచ్చినవా?”

“లేదన్నా. హర్మింత్సెజ్. ముప్పై కాంచి ‘మీద’ ఉండది, పక్కకు పెట్టుడే.”

“ఆహా! ఇరవై దాక ఎక్కుడు, ముప్పై కాంచి పక్కకు నిలవడుడు. ఎంత బుద్ధిమంతులురా! రెండు పెట్టెలు?”

“కెత్తొ...”

“కెత్తొ ఉత్తగ లెక్కవెట్టేటప్పుడు. పెట్టె ముంగట ‘కేత్’ అనాలె. కేత్ డొబోజ్. ఎన్నున్నా పెట్టెను ఒక్కదాన్ని అన్నట్టే అంటరు.”

“నీకెట్లెరుక?”

“నెల నుంచి నీ ఫోన్ ఒర్రుతనే ఉండె. రూముల గోడలకు సుత అచ్చింది ఆ భాష.”

“నువ్వు సుత దరఖాస్తు పెట్టరాదె? గోదాము మూస్తుండ్రు, నెలాఖరుకు అందరి ఇఖామాలు, ఈడ ఉండే పర్మిట్లు, ఖలాస్. ఇది గిట్ల పోతే నాకు ఇంటికి పోవుడే దిక్కు.”

“నాకేం తక్కువ? నాకు కువైట్ ఎండ మస్తు సరిపడ్డది. నీ సంగతి చూసుకో. మళ్ల జెప్పు, మొదటి నుంచి.”

“లాభం... అరే! ఎజ్, ఎజ్. భయమైతుంది అన్నా.”

“కానీ. భయం వీడియోల కనవడది, నోరే కనవడుతది. ఇంకోసారి.”

“ఎజ్, కెత్తొ, హారోమ్... అన్నా, ఫోన్ మోగుతుంది!”

“మోగనీ, ఊపిరి తీసుకో.”

“ఒకవేళ నోరు జారి లాభం అన్ననే అనుకో, ఏమైతది? నవ్వుతరు, అంతే గదా?”

“నవ్వరు. ‘థాంక్యూ’ అని కట్ చేస్తరు.”

“నీకెవలు చెప్పిండ్రు?”

“నిన్న నాకు గట్లనే కట్ చేసిండ్రు. ఎత్తురా తమ్మీ, ఎజ్ అను.”