మైదానం ఖాళీ అని చెప్పే మనిషి

పెద్దలారా, అక్కలారా, అన్నలారా! ఎండను లెక్కచేయకుండా ఈ గడ్డి మీద కూర్చున్న మీ అందరికీ దండం. కుల్జిరా వదినా, నీకు వేరే దండం. మన తుర్లీబెక్ అన్న పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు. బడి గదిలో కాకుండా ఈ సభ ఆరుబయట పెట్టమన్నది నేనే. ఎందుకో మీకు తెలుసు. ఇవాళ మధ్యాహ్నం రాకెట్ ఉంది, గోడల పక్కన ఉండకూడదు. ఆయన పోయాక ఇదే మొదటిది.

నేను పశువుల డాక్టర్ని. గొర్రెలకు సూదులు వేయడం వచ్చుగానీ సభల్లో మాట్లాడటం నాకు చేతకాదు. పైగా నాకు భయంగా ఉంది. దాచుకోవడం దేనికి? ఎర్సయిన్ భార్య, ఇద్దరు పిల్లలు ఇంకా ఎగువ మేత దగ్గరే ఉన్నారు. రాకెట్ వదిలేసిన ఖాళీ తొడుగులు వచ్చి పడేది సరిగ్గా అక్కడే. అక్కడ ఫోను పలకదు. రాకెట్ ఉందన్న కబురు మనకు ఇవాళ పొద్దున గాని అందలేదు. అందగానే ఎర్సయిన్ జీపు వేసుకుని పరుగెత్తాడు. ఇంకా తిరిగి రాలేదు.

ఇంతకుముందు ఈ పరుగు ఎవరిది? తుర్లీబెక్ అన్నది. ముందు రోజే గుడారం గుడారానికీ తిరిగి కేకలు పెట్టేవాడు. "లేవండ్రా! రేపు మన నెత్తిన ఇనుము కురుస్తుంది. గొర్రెల లెక్క తర్వాత, ముందు పిల్లల్ని లెక్కపెట్టుకోండి!" అనేవాడు. తిట్టుకుంటూనే కదిలేవాళ్లం. ఆ గొంతు ఇవాళ ఏదీ?

ఆయనకు రాకెట్ల మీద పగ అని కొందరు అంటారు. అబద్ధం! మార్చిలో ఆ మంచు తుఫాను వచ్చిన ఏడు గుర్తుందా? ఆకాశం అద్దంలా ఉంది. ఉపగ్రహం తుఫానును చూసిందని రేడియోలో విని, మందలన్నీ దొడ్లోకి తోలమని ఆయన ఊరి మీద పడ్డాడు. ఎంత వేళాకోళం చేశాం! "ఎండ కాస్తుంటే తుఫానంటావేంటి, మతి గానీ పోయిందా?" అన్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఆయనేమన్నాడు? "పైనుంచి చూసేదానికి మనకంటే ముందు కనిపిస్తుంది. మూసుకుని తోలండి" అన్నాడు. తోలాం. బతికాం. పక్క లోయవాళ్లకు ఆ వసంతంలో పాలిచ్చే గుర్రం ఒక్కటీ మిగల్లేదు.

అంతరిక్షం వల్ల మేలు లేదని ఎవరన్నారు? తుఫాను కబురు అక్కడి నుంచే వస్తోంది. ఈ చేతిలో ఫోను కూడా ఆ చలవే. కానీ కింద పడేది ఎవరి మీద?

పడిన తొడుగు దొరికినవాడి అదృష్టం. ఇది మన ఊరి అలవాటు. కోళ్ల గూళ్లు, గేట్లు, పొయ్యి మీద మూతలు, అన్నీ ఆ తెల్లటి రేకుతోనే చేసుకున్నాం. తుప్పు పట్టదు, తేలిక, ఇంకేం కావాలి? అన్న సొంత తమ్ముడు కూడా దానితో గొర్రెలకు నీళ్ల తొట్టి చేశాడు. కొత్త తొట్టి చూడమని ఊరందరినీ పిలిచి విందు కూడా పెట్టాడు. ఆ నెల పుట్టిన గొర్రెపిల్లలన్నీ చచ్చాయి. పొట్టలు కోసి చూసింది నేనే. రేకులో మిగిలిన ఇంధనమే కారణమని నా అనుమానం. రుజువు చేయడం నా వల్ల కాలేదు. రుజువు కోసం అన్న ఆగలేదు. తొట్టిని ట్రాక్టరుతో ఈడ్చుకుపోయి గుంటలో పూడ్చేశాడు. తమ్ముడు చాలాకాలం మాట్లాడలేదు. "పైకి వెళ్లేది వాళ్లది, కింద పడేది మాత్రం మనదా? ఇదేం పంపకంరా?" అన్నాడు అన్న. ఆ పంపకం ఎవరు చేశారు? మనల్ని ఎవరైనా అడిగారా?

ఒక్కసారి అడిగారు. ఆయన అడిగించాడు. అప్పట్లో రాకెట్‌కు ముందు దాన్ని వదిలే కేంద్రం నుంచి ఫోను వచ్చేది. "మైదానం ఖాళీయేనా?" అంటే, అన్న "ఖాళీ" అనాలి. ఆ రోజు మన కనీపా అవ్వ తొడుగులు పడే మైదానంలోకి పిడకలు ఏరుకోవడానికి వెళ్లి ఇంకా రాలేదు. ఆయన "ఖాళీ కాదు" అన్నాడు. రాకెట్ ఆగిపోయింది! మర్నాడు ఒక పెద్ద అధికారి వచ్చి అన్న ఇంట్లో కూర్చుని ఒకటే అరుపులు. "ఒక్క ముసలిదాని కోసం ఇంత పని ఆపుతావా?" అన్నాడట. అన్న ఆ అధికారి గిన్నె నిండా, అంచుల దాకా టీ పోశాడు. మనలో నిండుగా పోశారంటే తాగి దయచేయమని కదా! ఆ మహానుభావుడికి ఆ సంగతి తెలియదు. ఎంత మర్యాద అనుకుని సుబ్బరంగా తాగి, ఇంకో గిన్నె పోయమన్నాడు. నవ్వండి, పరవాలేదు. అన్న కూడా ఇది చెప్పిన ప్రతిసారీ నవ్వేవాడు.

ఆ రోజు నుంచి అది కట్టుబాటు అయింది. మన మనిషి "ఖాళీ" అనందే వాళ్లు మీట నొక్కరు. అది ఏ చట్టంలోనూ లేదు. వాళ్ల మాట, మన మాట, అంతే.

ఇప్పుడు ఆ రాకెట్ కేంద్రం కొత్త కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీ తరఫున వచ్చిన బాబు ముందు వరుసలోనే ఉన్నారు. పూలు తెచ్చారు, సంతోషం. అంతరిక్షం మానవజాతి అందరిదీ అని ఇందాక చక్కగా మాట్లాడారు. ఎర్సయిన్ పిల్లలు ఆ మానవజాతిలో లేరా బాబూ? ఆ ఫోను ఇప్పుడు నాకే వస్తుంది కదా, పొద్దున నాతో ఏమన్నారు? "ఫోను మీరు ఎత్తకపోయినా ఇబ్బందేం లేదండీ, అదొక లాంఛనం" అన్నారు. అప్పటి నుంచి నాకు అదే భయం. చివరి రోజుల్లో అన్న కూడా ఇదే భయంతో పోయాడు. దగ్గు మధ్యలో నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "కొత్తవాళ్లకు నేను ఎప్పుడూ 'కాదు' అనలేదమ్మా. అనే అవసరం రాకుండా అందర్నీ ముందే తోలుకొచ్చేవాణ్ని. కాదంటే ఆగుతారో లేదో నాకు తెలియదు." ఆకాశాన్ని ఏలేవాళ్లు ఎవరైనా కానీయండి. ఆ మీట మీద కింద ఉన్నవాళ్లది కూడా ఒక వేలు ఉండాలి. ఆయన అడిగింది ఇంతే. ఇది పెద్ద కోరికా?

ఆగండి. మోగుతోంది. వాళ్లే.

హలో. అవును, తాస్తీబులాక్ నుంచే. తుర్లీబెక్ లేరు, నేను మాట్లాడుతున్నాను. ఖాళీ కాదు. వినపడిందా? మైదానం ఖాళీ కాదు. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, వాళ్ల కోసం వెళ్లిన తండ్రి ఉన్నారు. హలో? హలో?

పెట్టేశారు. సరే అనలేదు, కుదరదు అనలేదు. బాబూ, మీరు లేచి ఫోను చేయండి. ఎవరికి చేస్తారో చేయండి, పరుగెత్తండి!

మిగతావాళ్లందరూ లేవండి. పిల్లల చేతులు పట్టుకోండి. గోడలకు దూరంగా జరగండి. ఎగువ మేత ఉన్న పడమర వైపు తిరిగి, తుర్లీబెక్ అన్నను తలుచుకుని మౌనంగా నిలబడదాం. ఎంతసేపో నేను చెప్పలేను. అటు నుంచి ఎర్సయిన్ జీపు కనబడేదాకా, లేదా ఆ తొడుగులు పడే చప్పుడు వినబడేదాకా. ఎవరూ మాట్లాడకండి.