ఆదెయ్య బావ పెన్సిలుతో రాసిన పుస్తకం

ఆ రెండు పుస్తకాలు బల్ల మీద పెట్టి ఇట్ల కూర్చో పాపా. పేరేందన్నావు? సుచరిత. మీ ఊరు కొమరోలా? ఊఁ. ఇందాక రిజిస్టరు కాడ నువ్వు అడుగుతుంటే విన్నాలే, "మా నాయనకు మానని జబ్బొచ్చింది, ఇట్లాంటిది వచ్చి కూడా ధైర్యంగా ఉన్నోళ్ళు రాసుకున్న పుస్తకం ఏదన్నా ఉందా" అని. చెవులు ఇంకా బాగానే ఉన్నాయి నాకు, మోకాళ్ళే మాట వినవు. ఈ లైబ్రరీలో అటెండరుగా ముప్పై ఏళ్ళు చేసినా. రిటైరైనా పొద్దున్నే వచ్చి పేపర్లు సర్దకపోతే కాఫీ దిగదు.

అవి రెండూ మంచివే, కాదనను. ఒకాయన పెద్ద ఆఫీసరు, ఇంకొకామె సముద్రం ఒడ్డున బంగళాలో కూర్చొని రాసింది. మా ఆదెయ్య బావకూ ఇట్లాంటిదే ఒకటి ఇచ్చినా ఆ రోజుల్లో. ఆదెయ్య అంటే మా చెల్లెలు శేషమ్మ మొగుడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేటోడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే దుమ్ము ఆగుతాదా? ఏడాది పాటు టీబీ అని మందులు మింగినాడు, ఆనక ఒంగోలులో డాక్టరు చెప్పినాడు, అది టీబీ కాదు, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే, దీనికి మందు లేదు అని. నలభై ఆరేళ్ళు అప్పటికి. నేనిచ్చిన పుస్తకం రెండు రోజుల్లో తెచ్చిచ్చినాడు. "మంచోడే బావా, కానీ ఆయాసమొస్తే బస్సెట్ల ఎక్కినాడో యాడా రాయలా" అన్నాడు. ఆయనకు కారుంది బావా అన్నా. "మరి నాకేం పనికొస్తాది?" అన్నాడు.

ఇంగ తనే రాయడం మొదలుపెట్టినాడు. చదివింది ఐదో తరగతి. పడుకుంటే ఊపిరాడక దిండ్లకు ఆనుకొని, పుస్తకం పైకెత్తి పట్టుకొని రాసేటోడు, అట్ల రాస్తే బాల్‌పెన్ను పారదు గదా, అందుకని పెన్సిలు. రాష్ట్రంలో పిల్లోళ్ళందరికీ పలకలు కోసిచ్చినోడు, తను రాసింది ముప్పై ఎనిమిది పేజీలు. ఏముంటాయంటావా అందులో? బస్సు రెండో మెట్టు మీద నిలబడి లోపల ఎవురినో వెతుకుతున్నట్టు చూడాలంట, ఆయాసం ఎవురికీ తెలీదంట. సజ్జరొట్టె మజ్జిగలో నానేసుకుంటే నమిలే కష్టం ఉండదంట. చూడ్డానికొచ్చినోళ్ళు ఏ ఆకుపసరు తెచ్చినా "తాగుతాలే" అని తీసుకోవాలంట, వాళ్ళకు తృప్తంట! చదువుతుంటే నవ్వొస్తాది. మా ఇంట్లో అంత మొనగాడు ఇంకొకడు పుట్టలేదు పాపా, గట్టిగా చెప్తా.

కానీ ఇరవై రెండో పేజీ కాడ నాకూ ఆయనకూ పేచీ వచ్చింది. "శేషమ్మ కుళాయికి పోయినప్పుడు తలుపేసుకొని ఏడ్చినా, చావంటే భయమైంది, గుడ్డ నోట్లో కుక్కుకున్నా" అని రాసినాడు. నేను, "ధైర్యం చెప్పే పుస్తకంలో ఏడుపేంది బావా, తీసేయ్" అన్నా. "నేను ధైర్యం చేసి రాసింది అదొక్కటే బావా, మిగతాది ఎవురైనా రాస్తారు" అన్నాడు. విన్నానా? ఆయన పోయినాక నా గుండ్రటి అక్షరాల్లో సాపు చేసి, ఆ పేజీ వదిలేసినా. పెద్ద తెలివిగలోణ్ణి! జబ్బు మనుషులకు అదే ఇచ్చేటోణ్ణి. వారానికే తెచ్చిచ్చి, "గొప్పోడు సామీ" అని దండం పెట్టి పోయేటోళ్ళు, అంతే.

ఒకసారి సాపు ప్రతి ఎవురి కాడో ఉండిపోతే, గిద్దలూరు పాపయ్యకు అసలుదే ఇచ్చినా. గొర్రెలు మేపేటోడు, గొంతులో క్యాన్సరు. రెండు నెలలు తిరిగి ఇయ్యలా. ఆనక కొడుకు తెచ్చిచ్చినాడు. చూస్తే ఇరవై రెండో పేజీ అంచు నలిగి గుడ్డలాగా అయిపోయింది, అక్షరాల మీద వేళ్ళ మరకలు. మిగతా పేజీలు తెల్లగానే ఉన్నాయి. ఆ రోజు సిగ్గుతో చచ్చినా పాపా. సాపు ప్రతి తెప్పించి పొయ్యిలో పెట్టినా.

ఇదిగో, ఇదే. జిరాక్సు సరిగ్గా పడదు, వెలిసిపోయిన పెన్సిలు గదా. కొంగులో చుట్టుకొని తీస్కపో. నాయనకు నువ్వే చదివి వినిపిస్తావా? సరే, వినిపియ్యి. ఇరవై రెండో పేజీ మాత్రం నువ్వు చదవాకు. ఆయన చేతికిచ్చి, తలుపు దగ్గరికేసి బయటికి పో. ఆయన పిలిచిందాకా లోపలికి రావాకు.