నోరు తెరిస్తే దొరికిపోయే హంతకుడు

సస్పెన్సంట, సస్పెన్సు! ఏడున్నదయ్యా మాజిద్, నీ సినిమాల సస్పెన్సు? తలకాయ దించకు. చాయ్ తాగుకుంట ఇను. అండ్ల విషమేం కలపలే, గది నీ కథల పని.

జనగామల టికెట్టు కొనుక్కొని మరీ చూసిన. డాక్టరమ్మను ఎవడు సంపిండో ఆఖరి దాక తెల్వొద్దు, గంతేనా? కాంపౌండరు దవాఖానలకొచ్చి "ఏంది సార్, గిట్లయింది?" అన్నడో లేదో, నా ఎనుక కూసున్న పిల్ల "వీడే" అన్నది. హాలంత ఒకటే నవ్వుడు!

మరి నవ్వరా? పోలీసాయన "ఏమండీ" అనవట్టె. హీరో "చెప్పండి" అనవట్టె. అందరు గోదారి ఒడ్డున పుట్టినట్టు మాట్లాడంగ ఒక్కడే "గిట్ల" అంటె, వాడు గాక ఇంకెవడు సంపుతడు?

ఏందీ? డైరెక్టరు రాయమన్నడా? అయ్యో పాపం! చెయ్యి వట్టుకొని రాయించిండా?

గార్లల పుట్టినోనివి. మానుకోట నుంచి ఘనపూర్ దాక మన నాటకం ఆడని ఊరున్నదా? యాదున్నదా, ఘనపూర్ల మైకు ఆగిపోతె నాటకం రాసినోనివి నువ్వేమో తెర ఎనుక దాక్కుంటివి. నేను ఒర్రుకుంటనే మొత్తం చెప్పిన. ఆఖరి వరుసల ముసలోల్లు లేచి నిలవడ్డరు. నా గొంతు నాకు గా రోజే నచ్చింది తమ్మీ. ఇంటికొచ్చి మస్తు ఏడ్సిన, సంతోషంతోని.

సరే తీయి. ఇయ్యాల ఈ ఓదెమ్మక్క ఎందుకు యాదికొచ్చింది?

కొత్త సినిమాల వేషమా? నాకా? హంతకుని తల్లి! వాహ్, తరక్కీ! ఒక మెట్టు పైకెక్కినట్టే. మాటలు గూడ ఉన్నయా? కొడుకును జైలుకు తీస్కపోతుంటె ఏడ్సుకుంట మాట్లాడాల్నా? గది నాకిడిసిపెట్టు, నీ హాలును ఏడిపిస్త.

మల్ల నేల దిక్కు చూస్తున్నవేంది?

డబ్బింగా? మొఖం నాది, గొంతు ఇంకొకామెదా? ఎందుకట?

మన మాటల ఏడిస్తె... జనం నవ్వుతరన్నడా మీ డైరెక్టరు?

ఊ.

కోపమా? నాకేం కోపం లేదు. అబద్ధం, ఉన్నది. నాకు వేషం గావాలె మాజిద్, గంత చెప్పెటందుకు సిగ్గేమున్నది? కాని నా గొంతు తీసి పక్కకు వెడితె నా కాడ ఇంకేం మిగిలింది?

ఒక్కటి చెప్పు. నీ కథల శవం ఉంటది గద? గా వేషం నాకియ్యి. డబ్బింగు అక్కర్లే. నేర్పుడు గూడ అక్కర్లే. నువ్వు నాటకం ఇడిసిపెట్టి పోయినకాన్నించి నేనేస్తున్నది గదే.